ఆర్పినా ఆరని లైటు: ముందు కొలవండి, తర్వాతే విప్పండి

కారు తాళం వేసి నాలుగడుగులు వేశాక ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. లోపల పైకప్పుకి బిగించిన ఎల్‌ఈడీ లైటు పూర్తిగా ఆరిందా, సన్నగా ఇంకా మిణుకుతోందా? మిణుకుతూ ఉంటే అప్పుడు మీరేం చేస్తారన్నది మీ స్వభావం గురించి చాలా చెబుతుంది. "పోనీలే, చిన్నదేగా" అని ఇంట్లోకి వెళ్లిపోయేవాళ్లు కొందరు. పొద్దున్నే షాపు ముందు కారు ఆపి "మొత్తం వైరింగ్ మార్చేయ్" అనేవాళ్లు ఇంకొందరు. చూడ్డానికి ఒకరు బద్ధకస్తులు, ఇంకొకరు చురుకైనవాళ్లు. నిజానికి ఇద్దరూ ఒకే పని ఎగ్గొడుతున్నారు. సమస్య ఎంతటిదో, ఎక్కడ పుట్టిందో తెలుసుకునే పని అది.

ఉద్యోగంలో, చదువులో, సంసారంలో మనల్ని ముందుకు తీసుకెళ్లే గుణాల జాబితా రాయమంటే ధైర్యం, పట్టుదల, క్రమశిక్షణ అని గబగబా రాసేస్తాం. లోపాన్ని ఓపిగ్గా వెతికి పట్టుకునే గుణం ఆ జాబితాలోకి ఎందుకో రాదు. నా దృష్టిలో దానికి మొదటి వరుసలోనే చోటుండాలి. పుట్టుకతో వచ్చే ప్రతిభ కాదది. ఒక చిన్న లైటు దగ్గర కూర్చుని కూడా నేర్చుకోవచ్చు.

నేను దాన్ని దగ్గరగా చూసింది జంషెడ్‌పూర్‌లోని భాలుబాసాలో. మా చిన్నాన్న కొడుకు కుటుంబం అక్కడే ఉంటుంది. తమ్ముడు టాటానగర్ స్టేషన్ దగ్గర కారు కిరాయికి తిప్పుతాడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు ఫ్యాక్టరీలో పనికని వెళ్లిన కుటుంబాలు ఆ ఊళ్లో తరాలుగా స్థిరపడ్డాయి. బిష్టుపూర్ రామమందిరానికి వెళితే చుట్టూ తెలుగే వినిపిస్తుంది. ఊరు ఊరంతా యంత్రాల మీద బతికేదే. 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మ తయారైంది. 1954లో టెల్కో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి ఇక్కడే లారీలు కట్టడం మొదలుపెట్టింది. ఖర్కాయ్ నది దాటితే ఆదిత్యపూర్‌లో బండి విడిభాగాలు చేసే చిన్నాపెద్దా కర్మాగారాలు. అలాంటి ఊళ్లో బోల్టు బిగించడం తెలిసినవాళ్లకి కొదవేముంది? అయినా తమ్ముడి కారులో లైటు దగ్గర అందరూ తడబడ్డారు. ఎందుకంటే ఆ పని చేతిది కాదు, ఆలోచనది.

జరిగింది ఇది. చలికాలం మొదట్లో తమ్ముడు పైకప్పు లైట్లో పాత బల్బు తీసేసి తెల్లటి ఎల్‌ఈడీ పెట్టించాడు. ప్రయాణికులు రాత్రిపూట సామాను వెతుక్కోడానికి బాగుంటుందని. ఆ రోజు నుంచీ తలుపులు వేసి తాళం పెట్టినా లైటు సన్నగా వెలుగుతూనే ఉంది. బల్బు మార్చారు. కొత్తదీ అంతే. సంక్రాంతికి ఇంటిల్లిపాదీ శ్రీకాకుళం వెళ్లి వారం తర్వాత తిరిగొచ్చి చూస్తే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంది. ఇంకేముంది, దోషి దొరికిపోయాడు. "ఈ ఎల్‌ఈడీయే బావా, రాత్రీపగలూ వెలిగి బ్యాటరీ తాగేసింది" అని తమ్ముడు వాళ్ల బావతో తేల్చేశాడు. వీధిలో అందరూ అవునన్నారు.

కాదేమోనని అన్నది ఒక్కతే. డిప్లొమా రెండో ఏడు చదువుతున్న తమ్ముడి కూతురు. "నాన్నా, ఎంత తాగిందో చూశారేటి?" అంది. ఈ ఒక్క ప్రశ్న కోసమే నేనీ వ్యాసం రాస్తున్నాను.

చూపించినవాణ్ణి నిందించొద్దు

ముందు లైటు సంగతి చూద్దాం. పాత బల్బులో సన్నటి తీగ ఉంటుంది. అది వేలకొద్దీ డిగ్రీలు వేడెక్కితే గాని వెలుగివ్వదు. 12 వోల్టుల మీద పనిచేసే 5 వాట్ల బల్బు పూర్తిగా వెలగాలంటే సుమారు 400 మిల్లీ ఆంపియర్ల కరెంటు కావాలి. అందులోంచి ఒకటీ రెండు మిల్లీ ఆంపియర్లు దొంగచాటుగా పారినా తీగ గోరువెచ్చగా కూడా అవ్వదు. మనకేమీ కనిపించదు. ఎల్‌ఈడీ అలా కాదు. దానికి వేడితో పనిలేదు. మిల్లీ ఆంపియర్‌లో చిన్న భాగం అందినా చాలు, చీకట్లో కంటికి ఆనేంత వెలుగు ఇచ్చేస్తుంది.

అంటే అర్థమేమిటి? చాలాసార్లు ఆ లీకు ఎల్‌ఈడీ పెట్టకముందు కూడా ఉంది. పాత బల్బు దాన్ని చూపించలేకపోయింది, కొత్తది చూపించింది. అంతే తేడా.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఇది కార్ల షెడ్డు దాటి చాలా దూరం వెళ్లే విషయం. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు మూడేళ్ల నాటి లెక్కల్లో తేడా పట్టుకుంటాడు. "నువ్వొచ్చేదాకా అంతా సజావుగానే ఉందయ్యా" అంటాం. ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు "అత్తయ్యా, మావయ్యగారి బీపీ మాత్రలు వారంగా వేసుకోవట్లేదు" అంటే, మావయ్యని అడగడం మానేసి ఆమె మాటతీరు మీద చర్చ పెడతాం. లోపం ముందు నుంచీ ఉంది. దాన్ని గమనించగల మనిషి ఇప్పుడొచ్చాడు. అతణ్ణి మార్చేస్తే లోపం పోదు, కనిపించడం మానేస్తుంది. నాయకత్వం గురించి శిక్షణ ఇచ్చేవాళ్లు ఎన్నో మెళకువలు చెబుతారు. నన్నడిగితే, చెడ్డ వార్త తెచ్చినవాడికి ముందు కుర్చీ వేసే నాయకుడి దగ్గరే తప్పులు తొందరగా దిద్దుకుంటాయి. మిగతా చోట్ల అవి బ్యాటరీ దిగిపోయేదాకా బయటపడవు.

తమ్ముడు ఎల్‌ఈడీ పీకేసి పాత బల్బు పెట్టేసుకుంటే లైటు మిణుకు ఆగిపోయేదే. మనసు కుదుటపడేది. ఆ లీకు మాత్రం అలాగే జరుగుతూ ఉండేది.

ముట్టుకోకముందు చూడటం

ఆ అమ్మాయి స్క్రూడ్రైవర్ తీయలేదు. నోట్‌బుక్ తీసింది. నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

మొదట రాసుకున్నది: లైటు ఎంత వెలుగుతోంది? ఈ ప్రశ్న తేలిక అనిపిస్తుంది గాని సగం దారి ఇక్కడే తెలిసిపోతుంది. తలుపు తీసినప్పటంత ధగధగా వెలుగుతూ ఉంటే లీకు గురించి ఆలోచించే పనే లేదు. ఏదో తలుపు సరిగ్గా పడలేదు, లేదా తలుపు స్విచ్ లోపలికి నొక్కుకుపోయి ఇరుక్కుంది, లేదా లైటు మీది మీట ఎవరి చెయ్యో తగిలి ఆన్‌లో ఉండిపోయింది. సన్నగా, చీకట్లో మాత్రమే కనిపించేలా ఉంటే అది లీకు కరెంటు.

రెండోది: ఎంతసేపు? ఈ కాలపు కార్లలో లోపలి లైట్లని ఒక చిన్న కంప్యూటర్ నడుపుతుంది. మెకానిక్కులు దాన్ని బీసీఎం అంటారు. మనం తాళం వేసిన వెంటనే అది నిద్రపోదు. కొన్ని కార్లలో కొద్ది నిమిషాలు, కొన్నిటిలో అరగంట దాకా మేలుకునే ఉంటుంది. బల్బు బాగుందో లేదో పరీక్షించడానికి కాస్త కరెంటు పంపి చూసేవీ ఉన్నాయి. అది నిద్రపోగానే మిణుకు ఆగిపోతే అక్కడ పాడైనదేమీ లేదు. బండి స్వభావమే అంత. చాలామంది ఈ అరగంట ఓపిక పట్టలేక వేల రూపాయలు పోగొట్టుకుంటారు.

మూడోది: మీట ఏ చోట ఉన్నప్పుడు? పైకప్పు లైటుకి మామూలుగా మూడు చోట్లుంటాయి. ఆన్, డోర్, ఆఫ్. మీటని ఆఫ్‌లో పెట్టినా మిణుకుతూ ఉంటే గొడవ లైటు పెట్టెలోనో దాని హోల్డర్లోనో దగ్గర్లోని వైర్లోనో ఉంది. ఆఫ్‌లో పూర్తిగా ఆరి, డోర్‌లో పెట్టగానే మిణికితే లైటు నిర్దోషి. తలుపుల వైపు వెళ్లాలి.

తమ్ముడి కారులో తేలింది ఇది: సన్నటి వెలుగు, రాత్రంతా ఉంటోంది, ఆఫ్‌లో పెడితే పూర్తిగా ఆరుతోంది. ఒక్క స్క్రూ విప్పలేదు. పైసా ఖర్చు లేదు. అనుమానించాల్సిన జాగా సగానికి సగం తగ్గిపోయింది.

మన బాధలు చెప్పుకునే తీరు గుర్తు తెచ్చుకోండి. "మావాడు అసలు చదవడు." "మా మేనేజరుకి నేనంటే పడదు." "నాకు ఎప్పుడూ నీరసమే." ఇలా చెబితే ఎవరు మాత్రం ఏం సాయం చేయగలరు? అదే "మావాడు లెక్కలు తప్ప అన్నీ చదువుతున్నాడు, తొమ్మిదో తరగతి రెండో యూనిట్ నుంచే వెనకబడ్డాడు" అని చెప్పండి. సమస్య చిక్కి సగమైపోయింది. ఎంత, ఎంతసేపు, ఏ పరిస్థితిలో... ఈ మూడూ అడక్కుండా ఏ సలహా ఇవ్వకండి, పుచ్చుకోకండి.

ఒకసారికి ఒక్కటే

చాలా కార్లలో ఈ లైటుకి ప్లస్ కరెంటు ఫ్యూజు ద్వారా ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. తలుపు తీసినప్పుడు, తలుపు పక్కనున్న స్తంభంలోని చిన్న స్విచ్ బయటకొచ్చి ఎర్త్‌ని కలుపుతుంది. అప్పుడు లైటు వెలుగుతుంది. తలుపు వేస్తే స్విచ్ లోపలికి వెళ్లి ఎర్త్ తెగుతుంది. ఆ తెగడం పూర్తిగా తెగకపోతే, ఎక్కడో సన్నటి దారి మిగిలిపోతే, ఎల్‌ఈడీ మిణుకుతుంది. (కొత్త మోడళ్లలో స్విచ్ తలుపు గడియలోనే దాగి ఉంటుంది. అది విప్పడం ఇంట్లో చేసే పని కాదు.)

నాలుగు తలుపులు, నాలుగు స్విచ్‌లు. ఇక్కడే తొందరపాటు మనిషిని లాగుతుంది. నాలుగూ ఒకేసారి మార్చేస్తే పోలేదా? పోతుంది, నిజమే. ఏది చెడిందో మాత్రం ఎప్పటికీ తెలియదు. ఎందుకు చెడిందో అసలే తెలియదు. మూడు మంచి స్విచ్‌లు చెత్తబుట్టలో పడతాయి.

అమ్మాయి ముందు తలుపు స్విచ్‌తో మొదలుపెట్టింది. ఒక్కటే స్క్రూ. స్విచ్ వైరుతో సహా బయటికొచ్చింది. వైరు ఊడదీసే ముందు దాన్ని స్తంభానికి టేపుతో అంటించింది, లేకపోతే లోపలికి జారిపోతుంది. ఆ సన్నటి కన్నంలోంచి మళ్లీ లాగడం పెద్ద తలనొప్పి. ఊడదీసిన వైరు కొస రేకుకి తగలకుండా చూసి లైటు వైపు చూసింది. మిణుకు అలాగే ఉంది. స్విచ్ మళ్లీ బిగించి, నోట్‌బుక్‌లో "ముందు కుడి: తేడా లేదు" అని రాసింది. తర్వాత ముందు ఎడమ. అదీ అంతే. వెనక ఎడమ తలుపు స్విచ్ ఊడదీసేసరికి లైటు ఠక్కున ఆరింది.

స్విచ్‌ని వెలుతురులోకి తెచ్చి చూస్తే మీదున్న రబ్బరు టోపీ పగిలి ఉంది. ఇత్తడి కొసల మీద పచ్చటి కిలుము. దాని చుట్టూ ఎర్రమట్టి దుమ్ము పేస్టులా పట్టేసి ఉంది. కిరాయి కారు కదా, రోజూ కడుగుతారు. వానాకాలం మొదలుకొని ఆ నీళ్లు పగులులోంచి లోపలికి దిగుతూనే ఉన్నాయి. తడి, దుమ్ము, కిలుము కలిసి కరెంటుకి సన్నటి దారి వేశాయి. కిలుము గీకి, శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, కొత్త రబ్బరు టోపీ తొడిగి బిగించారు. లైటు నల్లగా ఆరిపోయింది.

ఇక్కడ గమనించాల్సింది, ఫలితం రాని రెండు ప్రయత్నాల్నీ ఆ అమ్మాయి అంతే శ్రద్ధగా రాసుకోవడం. "తేడా లేదు" అన్నది కూడా సమాచారమే. పోటీ పరీక్షలకి చదివే పిల్లలకి ఇది మరీ ముఖ్యం. కోచింగ్ మార్చి, పుస్తకాలు మార్చి, నిద్ర వేళలు మార్చి, ఫోను మానేసి... అన్నీ ఒకే వారంలో చేస్తారు. మార్కులు పెరిగితే దేనివల్ల పెరిగాయో తెలియదు. తగ్గితే దేన్ని వెనక్కి తీసుకోవాలో తెలియదు. ఒక్కటి మార్చండి. పది రోజులు చూడండి. రాసుకోండి. అప్పుడు రెండోది.

కనిపించే దోషి, కనిపించని దోషి

లైటు ఆరగానే తమ్ముడు ఊపిరి పీల్చుకుని "ఇంక బ్యాటరీ గొడవ లేనట్టే" అన్నాడు. కూతురు ఒప్పుకోలేదు. "అది కొలిస్తే గాని చెప్పలేం నాన్నా" అంది.

నిజానికి చిన్న లెక్క వేసినా అనుమానం రావాలి. సన్నగా మిణికే ఎల్‌ఈడీ ఒక మిల్లీ ఆంపియర్ తీసుకుంటుంది అనుకుందాం. 24 గంటలకి 24 మిల్లీ ఆంపియర్-అవర్లు. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీని అది ఒక్కటే ఖాళీ చేయాలంటే సుమారు నాలుగేళ్లు పడుతుంది. వారంలో ఎలా దిగిపోయింది మరి? వీధిలో అంతమంది ఒప్పుకున్న నిజం ఒక్క లెక్కకి నిలబడలేదు.

కాలేజీ స్నేహితురాలి దగ్గర మల్టీమీటర్ తెచ్చింది. బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్యలో మీటరు పెట్టింది. మైనస్సే ఎందుకంటే, పానా పొరపాటున బండి రేకుకి తగిలినా నిప్పురవ్వలు రావు. మీటరుని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టాలి. అది అలా ఉండగా కారు స్టార్ట్ చేయకూడదు, చేస్తే మీటరు లోపలి ఫ్యూజు పోతుంది. తలుపులు మూసి, బండి నిద్రపోవడానికి అరగంట వదిలేసి, అప్పుడు అంకె చూడాలి. మామూలు కారు నిలిపి ఉన్నప్పుడు 50 మిల్లీ ఆంపియర్ల లోపు తీసుకుంటే బెంగ లేదు.

మీటరు 310 చూపించింది.

లైటు ఫ్యూజు పీకినా 310 అలాగే ఉంది. ఒక్కో ఫ్యూజూ పీకి, చూసి, మళ్లీ పెడుతూ పోయారు. ఏ ఫ్యూజు తీసినా పెద్ద తేడా రాలేదు. బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా వెనక్కి పోతున్న మరో ఎర్రటి వైరు కనిపించింది. దాని ఫ్యూజు తీయగానే అంకె 25కి పడింది. ఎప్పుడో పెట్టించిన మ్యూజిక్ యాంప్లిఫయర్ అది. కారు తాళం తిప్పి ఆన్ చేసినప్పుడు మాత్రమే మేలుకోవాల్సింది, రోజంతా మేలుకునే ఉంది.

310 మిల్లీ ఆంపియర్లంటే రోజుకి సుమారు ఏడున్నర ఆంపియర్-అవర్లు. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అయిదో రోజుకే ఖాళీ. అన్నాళ్లూ ఎందుకు బయటపడలేదంటే, తమ్ముడు రోజూ బండి తిప్పుతాడు, పోయింది పోయినట్టే మళ్లీ చార్జ్ అవుతుంది. ఏకధాటిగా వారం నిలిపింది ఆ సంక్రాంతికే.

ఆ రాత్రి ఎల్‌ఈడీ మీద పడ్డ నింద గురించి నేను చాలాసేపు ఆలోచించాను. అది కొత్తది, కంటికి కనిపిస్తోంది, పైగా నిజంగానే దానిలో ఒక లోపముంది. దోషిగా నిలబెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? మన ఇళ్లలో ఖర్చుల గురించి వాదన వచ్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. పిల్ల కొనుక్కున్న చెవిరింగుల మీద గంటసేపు గొడవ. నెలనెలా చప్పుడు లేకుండా కోసుకుపోయే వడ్డీ మీద ఒక్క మాట ఉండదు. రింగులు కనిపిస్తాయి, వడ్డీ కనిపించదు. కోపం ఎప్పుడూ వెలుతురున్న వైపుకే వెళుతుంది. కాబట్టి కోపం వచ్చినప్పుడు ఒక్క పని చేయండి: అంకెలు రాయండి. రూపాయల్లో, గంటల్లో, మార్కుల్లో, దేన్లోనైనా సరే.

టయోటా కర్మాగారాల్లో తయిచి ఓనో ప్రచారంలోకి తెచ్చిన అలవాటు ఒకటుంది, ఏదైనా చెడితే వరసగా అయిదుసార్లు "ఎందుకు" అని అడగడం. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం వాళ్లకిది కొత్త కాదు. నాణ్యతకి జపాన్ వాళ్లిచ్చే డెమింగ్ బహుమతిని టాటా స్టీల్ 2008లో అందుకుంది. అదే పద్ధతిని తమ్ముడి కారుకి పెట్టి చూడండి. బ్యాటరీ ఎందుకు దిగింది? యాంప్లిఫయర్ నిద్రపోలేదు. ఎందుకు? దాన్ని మేల్కొలిపే వైరుని కూడా నేరుగా బ్యాటరీకే కలిపారు. ఎందుకు? తాళంతో పనిచేసే వైరు డ్యాష్‌బోర్డు వెనకాల ఉంది, విప్పాలంటే శ్రమ. బిగించాక ఎవరూ ఎందుకు పట్టుకోలేదు? పాట బాగా వినిపిస్తోందా అని చూశారు గాని, తాళం తీశాక ఆరుతోందా అని ఎవరూ చూడలేదు. నాలుగు ప్రశ్నలకే చేతికి పనికొచ్చే జవాబు దొరికింది. ఇకమీదట బండికి ఏది బిగించుకున్నా, డబ్బులిచ్చే ముందు "తాళం తీసేస్తే ఇది ఆరుతుందా?" అని అడిగి, ఆర్పించి చూసి, అప్పుడే ఇవ్వాలి.

నొక్కేయడం ఎప్పుడు సబబు

ప్రతి మిణుకునీ మూలం దాకా తవ్వాలని నేననను. బీసీఎం పంపే పరీక్ష కరెంటు వల్ల మిణుకుతూ ఉంటే అక్కడ బాగుచేయడానికేమీ లేదు. కంటికి ఇబ్బందిగా ఉంటే తేలిక దారులున్నాయి. లోపల రెండు మూడు లైట్లు ఒకే లైనులో ఉంటే, వాటిలో ఒక్కదానికి పాత తీగ బల్బునే ఉంచండి. లీకు కరెంటు దానిగుండా వెళ్లిపోతుంది, ఎల్‌ఈడీలు నల్లగా ఆరతాయి. లేదంటే ఎల్‌ఈడీకి సమాంతరంగా 1,000 ఓమ్‌ల, అర వాటు రెసిస్టర్ ఒకటి కలపవచ్చు. లైటు వెలిగినప్పుడు అది తీసుకునేది 14 మిల్లీ ఆంపియర్లే. ఒక మిల్లీ ఆంపియర్ లీకు దాని మీద ఒక్క వోల్టే నిలపగలదు. ఎల్‌ఈడీ మేలుకోవడానికి అది చాలదు. లారీలు, బస్సుల్లో 24 వోల్టులుంటాయి గనుక అక్కడ 2,200 ఓమ్‌ల, ఒక వాటుది వాడాలి.

ఒక్క హెచ్చరిక. ఇండికేటర్ల కోసం అమ్మే బంగారు రంగు పెద్ద రెసిస్టర్లని పైకప్పులో పెట్టించుకోకండి. 6 ఓమ్‌లది వెలిగినంతసేపూ పాతిక వాట్లకి తక్కువ కాకుండా వేడి పుట్టిస్తుంది. పైకప్పు గుడ్డ కమిలిపోతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు.

అంటే నొక్కేయడం కూడా ఒక మార్గమే, కారణం తెలిశాక. తలనొప్పి నిద్రలేమి వల్లేనని తెలిసినవాడు మాత్ర వేసుకుని పడుకోవచ్చు. ఏమీ తెలుసుకోకుండా ఏడాదిగా రోజూ మాత్ర మింగేవాడి సంగతే భయం. అలాగే ఒక మిల్లీ ఆంపియర్ లోపాల మీద జీవితమంతా ఖర్చు పెట్టడమూ తప్పే. భార్య సొరుగు సగం మూసి వదిలేస్తుంది, సహోద్యోగి గట్టిగా నవ్వుతాడు. కొలిచి చూస్తే అవి బండిని ఆపేవి కావు. వదిలేయండి, హాయిగా ఉంటారు. కొలవకుండా వదిలేయడం నిర్లక్ష్యం. కొలిచి వదిలేసినవాడు మాత్రం ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోతాడు.

ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు స్విచ్ ఆపాక కూడా మిణుకుతూ ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. స్విచ్‌లో చిన్న ఎర్ర దీపం ఉంటే దానివల్ల కావచ్చు, అది ప్రమాదం కాదు. కానీ స్విచ్‌ని ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో కలిపి ఉన్నా ఇలాగే మిణుకుతుంది. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది, బల్బు మార్చబోయిన చెయ్యి షాక్ తింటుంది. వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిన సందర్భమిది.

కారులో కూడా ఎక్కడ ఆగాలో తెలియాలి. చాలా కార్లలో పైకప్పు అంచుల వెంట ఎయిర్‌బ్యాగులుంటాయి. పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు, టెస్ట్ ల్యాంపుతో పొడవొద్దు. స్విచ్‌లన్నీ ఊడదీసినా మిణుకు పోకపోతే బీసీఎం దగ్గరికో దానికి వెళ్లే వైర్ల కట్ట దగ్గరికో వెళ్లాలి, అది తెలిసినవాళ్ల పని. అప్పుడు బండి అప్పగించేటప్పుడు "లైటు ఆరట్లేదు, చూడండి" అని తాళాలు చేతిలో పెట్టకండి. ఇలా చెప్పండి: "సన్నగా వెలుగుతోంది. తాళం వేసి గంటైనా పోలేదు. మీట ఆఫ్‌లో పెడితే ఆరుతోంది. నాలుగు తలుపుల స్విచ్‌లూ విడివిడిగా ఊడదీసి చూశాం, తేడా లేదు. నిలిపి ఉంచినప్పుడు మొత్తం కరెంటు ఇంత." ఈ అయిదు వాక్యాలు విన్న మెకానిక్ అక్కడి నుంచే పని మొదలుపెడతాడు. బిల్లు వేసేటప్పుడు కూడా, ఎదుట నిలబడ్డది లెక్క అడిగే మనిషని గుర్తుంచుకుంటాడు.